నాగూర్ వలి తలకాయ

మా ఆయన డాక్టరు. అంతటితో ఊరుకుంటే నా బతుకు హాయిగా ఉండేది. ఆయన ఊరుకోలేదు, రగ్బీ కూడా ఆడాడు. ఆడి ఊరుకోలేదు, ఆ ఫోటో పటం కట్టించి, మా హాస్పిటల్లో పేషెంట్లు కూర్చునే బల్లలకి సరిగ్గా ఎదురుగా గోడకి తగిలించాడు. పదిహేనుమంది మగవాళ్ళు మోకాళ్ళదాకా బురదతో, చారల చొక్కాలతో, నిక్కర్లతో నిలబడి ఉంటారు. ఎడమ చివర ముక్కు వంకరపోయి, ఒక చెవి నలిగిపోయి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నవాడు డాక్టర్ అమరేశ్వరరావుగారు. వచ్చిన ప్రతివాడూ తన జ్వరం సంగతి మర్చిపోయి ఆ ఫోటో సంగతి అడుగుతాడు. అడిగేది ఆయన్ని కాదు, నన్ను.

"డాక్టరమ్మగారూ, అయ్యగారు మళ్ళోకి దిగారేంది?"

"మడి కాదమ్మా, అది రగ్బీ అనే ఆట. మలేషియా దేశం తరఫున ఆడారు."

"ఎట్టుంటదమ్మా ఆ ఆట?"

"కోడిగుడ్డులాగా పొడుగుపాటి బంతి ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి. ఎదటివాళ్ళు పట్టుకుని కిందపడెయ్యాలి."

"పడేసేదానికి బంతెందుకమ్మా?"

పదేళ్ళుగా ఇదే వరస. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఆ ఫోటో తీసి లోపల గదిలో పెట్టండి మహాప్రభో అంటే, "ఉండనీవే, వాళ్ళకి కాలక్షేపం" అంటాడు.

ఆయనది ఈపూరు. చిన్నప్పుడు కళ్ళాల్లో కబడ్డీ ఆడి మోకాళ్ళు పగలగొట్టుకున్నవాడు. గుంటూరులో మెడిసిన్ చదివాడు. మా పెళ్ళయిన ఏడాదికి మలేషియాలో గవర్నమెంటు డాక్టరు ఉద్యోగం వస్తే, నన్ను కూడా ఈపో అనే ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడ హాస్పిటల్ వాళ్ళ పిక్నిక్కులో సరదాగా కబడ్డీ ఆడించాడట. ఈయన పట్టు తగిలిన ఒక తెల్ల ఇంజనీరు లేచి, దుమ్ము దులుపుకుని, శనివారం మా క్లబ్బుకి రావయ్యా అన్నాడట. అంతే, నా శనివారాలన్నీ మంటగలిసిపోయాయి. మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ దేశం జట్టులోకే తీసుకున్నారు. తాయిలాండు మీద ఆడాడు, హాంకాంగు మీద ఆడాడు. వానలో గొడుగేసుకుని, గద్వాల చీర కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నేను కూర్చునేదాన్ని. ఒకసారి ముక్కు, ఒకసారి భుజం, ఒకసారి రెండు పళ్ళు. డాక్టరేమో ఆయన, ఇంటికొచ్చాక కట్లు కట్టేది నేను.

నేను పోరగా పోరగా ఉద్యోగం వదిలేసి వచ్చి నరసరావుపేటలో హాస్పిటల్ పెట్టాం. ఆటల పీడ విరగడైందనుకున్నాను. ఎక్కడ! ఊళ్ళో కబడ్డీ టోర్నమెంటు జరిగినప్పుడల్లా కమిటీవాళ్ళు ఈయన్నే డాక్టరుగా పిలవడం, ఈయన పేషెంట్లని వదిలేసి తాడు పక్కన కుర్చీ వేసుకుని అరవడం. ఎనభైనాలుగులో శివరాత్రి తిరునాళ్ళయిన వారానికి జరిగిన టోర్నమెంటుతో నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ గొడవ చెప్పాలనే ఇదంతా.

నాగూర్ వలి అని ఒక కుర్రాడుండేవాడు. పల్నాడు రోడ్డులో లారీల షెడ్డులో మెకానిక్కు. తండ్రి లేడు, తల్లి సైదాబీ బొంతలు కుట్టి పెంచింది. పేట జట్టులో కూతకి వెళ్ళేవాళ్ళలో వాడి తరవాతే ఎవరైనా. ఆదివారం ఫైనల్ చూడటానికి సికింద్రాబాదు నుంచి రైల్వేవాళ్ళ కోచ్ వస్తున్నాడనీ, నచ్చినవాళ్ళకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇస్తాడనీ ఊరంతా చెప్పుకున్నారు. వలికి ఉద్యోగం వచ్చేసినట్టే అని సైదాబీ మా హాస్పిటల్ ఆయాకి ముందుగానే జిలేబీ తినిపించింది.

గురువారం మాచర్ల జట్టుతో సెమీఫైనల్. నేనూ వెళ్ళాను. కూతకి వెళ్ళిన వలిని ముగ్గురు మీదపడి పట్టుకున్నారు. ఆ పడటంలో ఒకడి మోకాలు వాడి కణతకి తగిలింది. కాసేపు కదల్లేదు. మొహాన సోడా కొట్టారు. లేచాడు, ఊరంతా ఈలలేసింది. లేచినవాడు నడుచుకుంటూ వెళ్ళి మాచర్లవాళ్ళ మధ్యలో కూర్చున్నాడు. అది చూసి గ్రౌండంతా ఒకటే నవ్వు.

మా ఆయన నవ్వలేదు. చెప్పు తెగిపోతున్నా చూసుకోకుండా తాడు దాటి పరిగెత్తాడు.

"ఒరేయ్ వలీ, ఇవ్వాళ ఏ వారం?"

"ఆట ఎప్పుడు మొదలయిద్ది సార్?" అన్నాడు వలి.

"ఏ వారంరా?"

"ఆట ఎప్పుడు మొదలయిద్ది సార్?"

మా ఆయన వాడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు. మిగతావాళ్ళు ఎలాగో ఆడి గెలిచారు. గెలిచిన సంబరంలో అందరూ ఉండగా ఈయన వెళ్ళి మైకు లాక్కుని, "వలి తలకి దెబ్బ తగిలింది. మూడు వారాలు ఆడకూడదు. ఆదివారం ఫైనల్ ఆడటానికి వీల్లేదు," అని చెప్పేశాడు. చెప్పే పద్ధతొకటుంటుందిగా! పక్కకి పిలిచి చెప్పవచ్చుగా! ఆయనకి అవేం పట్టవు.

తెల్లారేసరికి మా హాస్పిటల్ వరండా నిండిపోయింది. ముందు కుర్చీలో కమిటీ ప్రెసిడెంటు చెన్నకేశవరావుగారు. పత్తి వ్యాపారం చేస్తాడు, ఆయన మాటంటే పేటలో పదిమందీ వింటారు. ఆయన పక్కన నిలబడి వలి. శుభ్రంగా తలదువ్వుకుని, ఎర్ర బనీను వేసుకుని, నిక్షేపంలా ఉన్నాడు. వాడి వెనక సైదాబీ.

"ఇప్పుడు చెప్పరా, ఇయ్యాళ ఏ వారం?" అన్నాడు చెన్నకేశవరావు.

"శుక్రవారం."

"ఇన్నారా డాక్టరుగారూ? పొద్దున్నే పది ఇడ్లీ లాగించాడంట. లారీ టైరు ఒక్కడే ఎత్తి పక్కన పెట్టాడంట. ఇంకేం కావాలండీ మీకు?"

"ఇడ్లీ పొట్టలోకి పోతుందయ్యా, తల్లోకి పోదు," అన్నాడు మా ఆయన.

"ఎక్స్‌రేలో ఏమీ లేదని నిన్న మీరే అంటిరి గదా."

"ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది. మెదడు కనపడదు. లోపల మెదడు అదిరింది. అది సర్దుకునేదాకా మళ్ళీ అక్కడ చిన్న దెబ్బ తగిలినా మనిషి దక్కడు."

"తగలదులే సార్, చూసుకొని ఆడతా," అన్నాడు వలి.

"కబడ్డీ చూసుకుని ఆడతావా? నిన్న చూసుకోకనే ఆడావా?"

సైదాబీ ముందుకొచ్చింది. "అయ్యా, నువ్వు పెద్ద డాక్టరువి, కాదన్ను. రైల్వే ఉద్యోగం మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఒక్కరోజయ్యా. ఒక్కరోజు ఆడనీయ్. ఆ మర్నాటి నుంచి మూడు వారాలు గాదు, మూడు నెల్లు మంచం దిగనియ్యను."

అప్పుడు మా ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి వాళ్ళకి చెప్పాడు. ఆ ఫోటోలో తన పక్కన నిలబడ్డవాడి మీద వేలు పెట్టి చూపించాడు. వాడి పేరు చోంగ్. బ్యాంకులో గుమాస్తా. మా ఇంటికొచ్చి గోంగూర పచ్చడితో అన్నం తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ వడ్డించమనేవాడు. ఒక వారం మధ్యలో ప్రాక్టీసులో తలకి దెబ్బ తగిలింది. లేచాడు, నవ్వాడు, ఎక్స్‌రే బాగుందన్నారు. శనివారం ఆడాడు. ఎవరో భుజంతో మామూలుగా తోశారు, పడ్డాడు, మళ్ళీ లేచాడు. సగం ఆట అయ్యాక మా ఆయన పక్కన కూర్చుని కమలాపండు వలుస్తున్నాడు. వలుస్తూ వలుస్తూ పక్కకి ఒరిగిపోయాడు. మా ఆయన డాక్టరే, పక్కనే ఉన్నాడు, ఏమీ చెయ్యలేకపోయాడు. వాడి వయసు ఇరవై మూడు. నేను గొడుగు కింద నుంచి కళ్ళు తెరిచి చూసింది ఆ ఒక్కసారే.

వరండాలో అందరూ విన్నారు. అయ్యో పాపం అన్నారు. అమ్మయ్య, ఇప్పటికైనా తలకెక్కింది అనుకున్నాను. అప్పుడు చెన్నకేశవరావు గొంతు సవరించుకున్నాడు.

"పాపమే. గాని డాక్టరుగారూ, అది ఎప్పుడూ వానలు కురిసే దేశమంట గదా. నానీ నానీ వాళ్ళ ఎముక మెత్తబడి ఉంటది. మనది నాపరాళ్ళ నేల. జొన్నన్నం తిని రాళ్ళ మీద పెరిగిన తలకాయలు మనయి."

"అవునవును," అన్నారు అందరూ. నిజంగా అన్నారండీ! చదువుకున్నవాళ్ళు, ఇద్దరు పంతుళ్ళు కూడా ఉన్నారు అందులో. మా ఆయన రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, ఇంక వేరే ముహూర్తం దొరకనట్టు, మా అన్నయ్య ధనుంజయరావు గేటు తీసుకుని వచ్చాడు. వెనక జీతగాడి భుజం మీద చక్కెరకేళి గెల. మా పుట్టిల్లు గురజాల. ఫైనల్లో పేటతో ఆడబోయేది గురజాల జట్టు. ఆ జట్టుకి పెద్ద మా అన్నయ్య. అందులో కూతకి వెళ్ళే మొనగాడు మా అన్నయ్య కొడుకు త్రికోటేశ్వరరావు, మా త్రికోటి. ఇవన్నీ వరండాలో ఉన్న ప్రతివాడికీ తెలుసు.

"బావా! నీ మేలు ఈ జన్మలో మర్చిపోం బావా!" అన్నాడు మా అన్నయ్య, గేటు దగ్గర నుంచే. "ఊరుకో అన్నయ్యా" అని నేను కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాను. చూస్తేగా!

ఆ తరవాత ఎవరేం అన్నారో విడివిడిగా చెప్పలేను. అందరూ ఒకేసారి అన్నారు. అల్లుడు అత్తారింటి ఉప్పు తిన్నాడు. డాక్టరమ్మ తలగడ మంత్రం వేసింది. తలా లేదు, మెదడూ లేదు, అంతా గురజాల నాటకం. నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చి ఇరవై ఏళ్ళు. గురజాల గెలిచినా ఓడినా నాకు ఒరిగేదేమిటండీ? ఒళ్ళు మండిపోయి ఆ గెల తీసుకుని గేటు బయట పెట్టేశాను. వెళ్ళేవాళ్ళు తలా ఒక పండు తుంచుకుని తింటూ మరీ మమ్మల్ని తిట్టుకున్నారు.

చెన్నకేశవరావు మాత్రం వెళ్ళలేదు. పెద్దమనిషి కదా, తీర్పు చెప్పాడు. "ఒక పని చేద్దాం. మనకాడ ఎప్పుడూ ఉన్న పద్ధతే. ఒకడికి ఒకడు. మావోడు వలి కూర్చుంటే, మీవోడు త్రికోటి కూడా కూర్చోవాల. అప్పుడు డాక్టరుగారు ఎటూ మొగ్గలేదని ఊరు నమ్ముద్ది. లేదంటే మావోడు ఆడతాడు. వేరే డాక్టరుచేత బాగుండాడని రాయించుకొస్తాం."

"త్రికోటికేం రోగం?" అని ఒక్క అరుపు అరిచి మా అన్నయ్య వెళ్ళిపోయాడు.

"ఇదేం లెక్కయ్యా!" అన్నాడు మా ఆయన. "ఒకడి తలకి దెబ్బ తగిలితే, తగలనివాణ్ణి కూర్చోబెట్టమంటావా? ఆరోగ్యంగా ఉన్న పిల్లాణ్ణి ఆడొద్దనడానికి నేనెవర్ని? ఇది వైద్యమా, పొలం గట్టు తగాదానా?"

"మీరు వైద్యం చెప్పారు. మేం న్యాయం చెప్పాం," అని చెన్నకేశవరావు కండువా దులుపుకుని లేచాడు.

ఆ పూట మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. వలి వాళ్ళ ఇంటికి వెళ్ళి బతిమాలి వచ్చాడు. వాడు కాళ్ళు పట్టుకుని, ఆడనివ్వండి సార్ అని ఏడ్చాడట. పోలీసులకి చెప్తానన్నాడు ఈయన. కబడ్డీ ఆడటం ఏ సెక్షను కిందికి వస్తుందండీ అని నేనడిగాను. "వాడు కూడా నా పక్కనే కూర్చుని పోతాడే బసవా," అన్నాడు చివరికి. నా పేరు బసవమ్మ. ఆయనకి భయం వేసినప్పుడే బసవా అంటాడు.

ఇంక నాకు తప్పలేదు. శనివారం పొద్దున్నే గురజాల బస్సెక్కాను. పిడుగురాళ్ళ దాటేసరికి సున్నపు బట్టీల పొగ, దుమ్ము, తలంతా తెల్లబడిపోయింది. దారి పొడుగునా ఆయన్నీ, కబడ్డీనీ, రగ్బీనీ, దాన్ని కనిపెట్టినవాణ్ణీ తిట్టుకుంటూనే ఉన్నాను.

మా అన్నయ్య వరండాలో పేపరు చదువుతున్నాడు. తల ఎత్తలేదు. వదిన మంచినీళ్ళు తెచ్చింది. నేను ముట్టుకోలేదు. గడప ఇవతలే కూర్చున్నాను.

"అన్నయ్యా, త్రికోటిని రేపు ఆడనివ్వద్దు."

"నీకు మతి పోయిందా? రైల్వే కోచ్ వచ్చేది పేటోళ్ళ కోసమేనా? నా కొడుక్కి వద్దా ఉద్యోగం?"

"వాడికి ఇంకోసారి వస్తుంది. నీకు నలభై ఎకరాలుంది. ఆ కుర్రాడు చచ్చిపోతే సైదాబీకి ఇంకో కొడుకు లేడు."

"చచ్చేదీ లేదు, చెడేదీ లేదు! అంతా నీ మొగుడి చాదస్తం. ఊరోళ్ళ కోసం నా కొడుకు నోట్లో మట్టి కొడతావా? మేనత్తవేనా నువ్వు?"

లోపలి నుంచి త్రికోటి వచ్చాడు. ఇరవై ఏళ్ళవాడు, మలేషియా వెళ్ళేముందు నేను చంకనేసుకుని తిప్పినవాడు. "అత్తయ్యా, నాకేం దెబ్బ తగిలిందని నేను కూర్చోవాలి?" అన్నాడు.

వాడడిగింది న్యాయమే. ఇప్పటికీ న్యాయమే అంటాను. మా అన్నయ్యవైపే తిరిగాను.

"సరే అన్నయ్యా. నేను అడిగాను, నువ్వు కాదన్నావు. బస్సుకి టైమయింది, వెళ్తా." లేచాను. వదిన కుంకుమభరిణె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేను నుదురు పక్కకి తిప్పేసుకున్నాను.

మా వైపు ఇంటి ఆడపడుచు మంచినీళ్ళు ముట్టకుండా, బొట్టు పెట్టించుకోకుండా గడప దిగిపోతే ఆ ఇంటికి మంచిది కాదని గట్టి పట్టింపు. ఎంత కోపాలున్నా ఆ పని ఎవరూ చెయ్యరు. నేనూ చేస్తానని కలలో అనుకోలేదు. "ఏమండీ, శనివారం పూట అమ్మాయి అట్టా పోతంది, ఏదో ఒకటి అనండీ!" అని వదిన ఏడ్చింది. నేను రెండు మెట్లు దిగాను.

"ఆగు," అన్నాడు మా అన్నయ్య. పేపరు నలిపి కింద పారేశాడు. "ఆడడులే. పెట్టించుకో బొట్టు. ఇదే నీకు పుట్టింటోళ్ళు ఇచ్చే ఆఖరి సారె. ఇంక మళ్ళా ఈ గడప ఎక్కమాక."

బొట్టు పెట్టించుకున్నాను. నీళ్ళు తాగాను.

ఆదివారం ఫైనల్‌కి ఊళ్ళో సగం జనం గ్రౌండులోనే ఉన్నారు. తాడు పక్కన మూడు కుర్చీలు. ఇటు వలి, అటు త్రికోటి, మధ్యలో మా ఆయన. ఇద్దరూ చెరో దిక్కుకి మొహం తిప్పుకుని కూర్చున్నారు. వలి కాళ్ళు ఊరికే ఆడుతున్నాయి. ఎప్పుడు తాడు దాటతాడో అని మా ఆయన వాడి నడుముకున్న తుండుగుడ్డ కొస పట్టుకునే ఉన్నాడు. రైల్వే కోచ్ నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు, చూశాడు, ఇద్దరి పేర్లు రాసుకున్నాడు. ఒకడు గురజాల జట్టులో పట్టు బాగా పట్టినవాడు. ఇంకొకడు వలి బదులు దిగినవాడు. కుర్చీల్లో ఉన్న వలి, త్రికోటిల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. రెండు పాయింట్ల తేడాతో గురజాల గెలిచింది.

ఇంకేముంది. అల్లుడు దగ్గరుండి అత్తారి ఊరిని గెలిపించాడని పేట తిట్టింది. గెలిచినవాళ్ళన్నా ఊరుకోవాలిగా! కొడుక్కి ఉద్యోగం పోగొట్టాడని మా అన్నయ్య ఊరేగింపులో నిలబడి మరీ తిట్టాడట. ఓడినవాళ్ళూ తిట్టి, గెలిచినవాళ్ళూ తిట్టిన డాక్టరు ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి ఆ ఇల్లాలికి దణ్ణం పెట్టి వస్తాను.

తరవాత అసలు బాధ మొదలైంది. వలికి ఏమీ కాలేదు. తలనొప్పి రాలేదు, కళ్ళు తిరగలేదు, ఒక్క వాంతి కాలేదు. లారీల కింద దూరి పని చేసుకుంటూనే ఉన్నాడు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. "ఏమైందమ్మా? ఏమీ కాలేదే!" అని కూరగాయల బజార్లో ప్రతివాడూ నన్నే అడగడం. ఏమీ కాకూడదనే కదా ఆపిందంటే, "ఆడినా ఏమీ కాకపోను గదా" అంటారు. దీనికేం చెప్తాం? ఒకరోజు నాకు ఎంత విసుగొచ్చిందంటే, ఒక్కసారి వాడికి కాస్త కళ్ళు తిరిగితే బాగుండును, ఈ ఊరి నోరు మూతపడును అనిపించింది. వెంటనే ఛీ అని చెంపలేసుకున్నాను.

మా ఆయన సంగతి ఇంకో రకం. రోజూ స్కూటరు బ్రేకు బాలేదని వలి ఉండే షెడ్డుకి తీసుకెళ్ళేవాడు. వలి మాట్లాడేవాడు కాదు, ఇంకో మెకానిక్కు బిగించి పంపేవాడు. బిగించీ బిగించీ చివరికి స్కూటరు కదలడం మానేసింది. "ఎందుకండీ ఈ గోల?" అన్నాను. "వాడు నడిచే తీరు చూస్తున్నా. మాట ఎలా వస్తోందో విందామంటే పలకడే దొంగవెధవ," అన్నాడు.

మూడు వారాలయ్యాక వలి మళ్ళీ ఆడాడు, ఎక్కడో మాచర్ల దగ్గర చిన్న టోర్నమెంటులో. అక్కడికి రైల్వేవాళ్ళెవరూ రాలేదు. దానికి కొన్నాళ్ళకి, వాడి బదులు దిగిన కుర్రాడికి సికింద్రాబాదు నుంచి పిలుపొచ్చిందని ఊళ్ళో తెలిసింది.

ఆ మధ్యాహ్నమే వలి మా హాస్పిటల్‌కి వచ్చాడు. చేతులకి గ్రీజు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్లల నిండా జనం. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా మా ఆయన టేబులు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమయింది సార్ నా తలకాయకి? చెప్పండి! నెలన్నర అయింది. ఏమయింది? గురువారం నాడు మాచర్లోళ్ళ ఎడం పక్క పొట్టోడి మోకాలు తగిలింది. శుక్రవారం నాడు మీ వరండాలో నేను బాగుండా అని చెప్పా. సాయంత్రం మా ఇంటికొస్తే మీ కాళ్ళు పట్టుకున్నా. ఆదివారం నాడు నా తుండుగుడ్డ కొస పట్టుకొని, గొడ్డుని కట్టేసినట్టు కట్టేశారు. రైల్వే సారు మూడో వరసలో కూర్చున్నాడు. ఒక్కసారన్నా నా పక్కకి చూడలా. నా బదులు దిగినోడికి కూత నేర్పింది నేను! ఆడు రేపు రైలెక్కుతన్నాడు. నేను ఆ లారీల కింద పడుండాల చచ్చేదాకా!"

నాకు ఆగలేదు. "ఒరేయ్! ఏమీ కాలేదని కోపమా నీకు? ఏదన్నా అయ్యుంటే బాగుండేదా? ఎవరి కోసం రా నేను పుట్టిల్లు పోగొట్టుకున్నది?" అని అరిచాను.

"అవునమ్మా!" అన్నాడు. "కాలో చెయ్యో పడిపోతే నా ఖర్మ అనుకునేవోణ్ణి. ఏమీ కాలా! ఏమీ కాకుండానే నా బతుకు పోయింది!"

నేను ఇంకో మాట అనబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "తిట్టనీ," అన్నాడు మెల్లిగా. వలి తిట్టాడు. గురజాలని తిట్టాడు, చదువుకున్నవాళ్ళని తిట్టాడు, గోడమీద ఫోటోని తిట్టాడు, మా ఆయన పుట్టిన గడియని తిట్టాడు. మా ఆయన ముందుకి వంగి, నలగని చెవి వాడివైపు పెట్టి, అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. పేషెంట్లందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

సైదాబీ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు. కొడుకు భుజం పట్టుకుంది. మా వైపు ఒకసారి చూసింది. "పదరా, అన్నం చల్లారిపోతంది," అంది. వలి మోచేత్తో కళ్ళు తుడుచుకుని తల్లి వెనకే వెళ్ళిపోయాడు. వాళ్ళు గేటు దాటి, రోడ్డు దాటి, సందు మలుపు తిరిగేదాకా మా ఆయన కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఇంతమంది ముందు ఇన్ని మాటలు పడ్డాడే, ఎంత కుమిలిపోతున్నాడో అని నేను దగ్గరికి వెళ్ళాను. ఇటు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు. మొహమంతా నవ్వు.

"విన్నావుటే బసవా? అంతసేపు తిట్టాడు, ఒక్క మాట తడబడలేదు!"